చెస్టరా, ఫెస్టస్సా? గన్‌స్మోక్‌లో మీ ఓటు ఎవరికి

పాతపెట్టె:
గన్‌స్మోక్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. అమెరికాలో సీబీఎస్ టీవీలో వచ్చిన కౌబాయ్ సీరియల్, 1955 సెప్టెంబరు నుంచి 1975 మార్చి దాకా, 20 సీజన్లు, 635 ఎపిసోడ్లు. కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ, అక్కడ శాంతిభద్రతలు చూసే మార్షల్ మ్యాట్ డిలన్ (జేమ్స్ ఆర్నెస్). ఆయన పక్కన మొదట చెస్టర్ (డెన్నిస్ వీవర్), 1964లో అతను మానేశాక ఫెస్టస్ (కెన్ కర్టిస్). ఇద్దరిలో ఎవరు? కారణం రాయండి. "చిన్నప్పటి నుంచీ ఇష్టం" అంటే లెక్కలోకి రాదు. నా ఓటు చెస్టర్‌కి.

మీటర్‌గేజ్:
ఫెస్టస్. దీనికి చర్చ కూడానా?

కాఫీపొడి:
ఊరి డాక్టరు డాక్ ఆడమ్స్‌ని ఎందుకు వదిలేశారు?

పాతపెట్టె:
డాక్ పక్కవాడు కాదండీ, ఊరి పెద్దమనిషి. ఆయనకి వేరే ఓటింగు పెడదాం.

చెస్టర్ ఎందుకో చెప్తాను. ఈ కథ ముందు రేడియోలో వచ్చింది, 1952లో. అక్కడ మార్షల్ విలియం కాన్రాడ్, చెస్టర్ పార్లీ బేర్. రేడియో చెస్టర్‌కి కుంటు లేదు. అవసరమూ లేదు, మనిషి కనిపించడు కదా. టీవీకి వచ్చేసరికి ఆరడుగులు దాటిన వీవర్ గోడకి ఆనుకుని నిలబడి ఉంటే, గొడవలోకి మార్షల్ ఒక్కడే ఎందుకు దూకుతున్నాడని చూసేవాడికి అనుమానం వస్తుంది. అందుకే నిర్మాత చార్ల్స్ మార్క్విస్ వారెన్ అతనికి ఏదో ఒక లోపం ఉండాలన్నాడు. వీవర్ మోకాలు బిగించేశాడు. ఆ మనిషి 1948 ఒలింపిక్ ఎంపిక పోటీల్లో డెకాథ్లాన్ ఆడినవాడు! పది రకాల ఆటలాడే కాలుని తొమ్మిదేళ్లపాటు కర్రలా పెట్టుకుని నడిచాడు. 1959లో ఎమ్మీ (టీవీ అవార్డు) ఊరికే ఇవ్వలేదు.

వాగుదాటు:
కాలు వంగనివాడు గుర్రం ఎలా ఎక్కుతాడు గురువు గారూ? నాకు అక్కడే నమ్మకం పోయింది.

పాతపెట్టె:
ఎక్కడం సులువే తమ్ముడూ. గుర్రం ఎడమవైపు నుంచి ఎక్కుతారు. ఎడమ పాదం రికాబులో పెట్టాలి, ఆ మోకాలు వంగాలి. కుడికాలు గుర్రం వెనక మీదుగా తిప్పి అవతలికి వెయ్యాలి, దానికి మోకాలు వంగనక్కర్లేదు. చెస్టర్‌ది బిగిసింది కుడికాలు. ఎడమదైతే నువ్వన్నది నిజమే, ఎక్కలేడు.

వాగుదాటు:
ఎక్కాక? కుడి రికాబులో పాదం ఎలా నిలుస్తుంది? వంగని కాలు వంగే కాలుకన్నా కిందికి వేలాడుతుంది. కుడివైపు రికాబు పట్టీ రెండు మూడు రంధ్రాలు కిందికి దించాలి. లేకపోతే పాదం ముందుకు పొడుచుకొస్తుంది, గుర్రం దుడుకు నడకలో పడగానే రికాబులోంచి జారిపోతుంది. దిగేటప్పుడు ఇంకా చిక్కు. నేలకి ముందు తగిలేది ఆ కుడికాలే. మోకాలు వంగకపోతే దెబ్బంతా తుంటికి. ఇవన్నీ చూపించారా?

మీటర్‌గేజ్:
ఎవరైనా ఫెస్టస్ గురించి మాట్లాడండయ్యా, కాలు దగ్గరే తెల్లారేలా ఉంది.

కంచరగాడిద:
నేను మాట్లాడతా. ఫెస్టస్ హ్యాగెన్ మొదటిసారి కనిపించింది 1962లో, ఒక్క కథ కోసం. కొండల్లోంచి దిగొచ్చిన మొరటు కుటుంబం మనిషి. చదువు రాదు, మాసిన గడ్డం, ఒక కన్ను చికిలించి చూపు, రూత్ అనే కంచరగాడిద. 1964 నుంచి ఊళ్లో స్థిరపడిపోయాడు. ఇప్పుడు కర్టిస్ ఎవరో చూడండి. టామీ డార్సీ బ్యాండులో, తర్వాత సన్స్ ఆఫ్ ది పయనీర్స్‌లో పాడిన గాయకుడు. పట్టులాంటి గొంతు. ఆ గొంతుని గీరుకుపోయిన తలుపులా మార్చుకుని పదకొండేళ్లు నిలబెట్టాడు. వీవర్ కాలు బిగించాడు సరే, కర్టిస్ గొంతు, కన్ను, నడక, యాస నాలుగూ మార్చాడు. ఎమ్మీ రాకపోతే ఏం?

పాతపెట్టె:
ఆ యాసే నాకు పడనిది. ఫెస్టస్ వచ్చాక డాడ్జ్ సిటీ నవ్వులాట అయిపోయింది. బీరు ఎవడు కొంటాడు, డాక్‌ని ఎలా ఏడిపించాలి. పాత కథల్లో జనం చచ్చేవాళ్లు, మార్షల్ ఆలస్యంగా వచ్చేవాడు, న్యాయం జరిగేది కాదు.

కంచరగాడిద:
తప్పు మనిషి మీద వేస్తున్నారు. పాత గంభీరం ఫెస్టస్ వల్ల పోలేదు. 1961 దాకా అది అరగంట కార్యక్రమం, అలాంటివి 233. ప్రకటనలు పోను మిగిలింది పాతిక నిమిషాల చిల్లర. పీటముడి, చావు, అయిపోయింది. 1961లో గంట చేశారు. అదే ముడిని గంటసేపు లాగితే తెగుతుంది. అందుకని మధ్యలో లాంగ్‌బ్రాంచ్ సెలూన్ (ఊళ్లోని బార్) కబుర్లు, తగువులు నింపారు. ఆ తర్వాత 1964-65 ప్రాంతంలో, రేడియో నాటి నుంచీ నడిపిన నార్మన్ మెక్‌డొనెల్ నిర్మాత పని వదిలాడు. కథలు మారాయి. 1966లో రంగులొచ్చాయి. వీటన్నిటికీ ఫెస్టస్ గడ్డమే కారణమా?

పాతపెట్టె:
చెస్టర్ కూడా మూడు సీజన్లు గంట కథల్లో ఉన్నాడు. అతను నవ్వులాట కాలేదే?

కంచరగాడిద:
చెస్టర్ నవ్వులాట కాలేదా? అతని కాఫీ మీద ఎన్ని జోకులో లెక్కపెట్టారా?

కాఫీపొడి:
కాఫీ మాటొచ్చింది కాబట్టి. అప్పట్లో గుడ్డ వడపోత లేకుండా కాచేవాళ్లు. నీళ్లు మరిగాక కూజా దించి పొడి వెయ్యాలి, నాలుగైదు నిమిషాలాగి గుక్కెడు చన్నీళ్లు పొయ్యాలి, అప్పుడు మడ్డి అడుక్కి దిగుతుంది. కూజా పొయ్యి మీదే వదిలేసి, పొద్దున పొడి మీదే మధ్యాహ్నం మళ్లీ నీళ్లు పోస్తే చేదు దిగక ఏమవుతుంది? తప్పు చెస్టర్‌ది కాదు, జైలు ఆఫీసులో ఎప్పుడూ ఆరని పొయ్యిది.

మీటర్‌గేజ్:
😂 కాలు అయింది, ఇప్పుడు కాఫీ.

వాగుదాటు:
రికాబుకి జవాబు రాలేదు ఇంకా.

పాతపెట్టె:
కంచరగాడిద గారూ, పోయినసారి కూడా ఇదే చేశారు. నేనొకటంటే మీరు అంకెలు తెచ్చి ఊదరగొడతారు. చెస్టర్‌లో ఒక మర్యాద ఉంది. తొమ్మిదేళ్లూ "మిస్టర్ డిలన్" అనే పిలిచాడు. ఫెస్టస్ వచ్చీ రాగానే "మ్యాథ్యూ". లాంగ్‌బ్రాంచ్ నడిపే కిట్టీ, డాక్ "మ్యాట్" అన్నారంటే అర్థముంది. నిన్నగాక మొన్న కొండ దిగినవాడికి ఆ చనువేమిటి?

కంచరగాడిద:
అదీ సంగతి! ఇంతసేపూ కాలు, యాస, నవ్వులాట అన్నారు. మీ కడుపుమంట "గారు" పెట్టలేదని. చెస్టర్ కాఫీ కాచాడు, పనులన్నీ చేసిపెట్టాడు, ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. దాన్ని మీరు మర్యాద అంటారు. నేను జీతగాడి అలవాటు అంటాను. ఫెస్టస్ చదువురానివాడు, చిరుగు బట్టలవాడు, అయినా మార్షల్‌కి ఎదురుగా కూర్చుని పేరు పెట్టి పిలిచాడు, మార్షల్ పలికాడు.

పాతపెట్టె:
గారు అన్నవాడల్లా జీతగాడా? ఇంట్లో పెద్దవాళ్లని మీరేమని పిలుస్తారు?

కంచరగాడిద:
పెద్దవాళ్లు వయసులో పెద్ద. ఇక్కడ వయసు తేడా ఎక్కడుంది? వీవర్, ఆర్నెస్ ఇద్దరూ ఇంచుమించు ఒక ఈడువాళ్లు. తేడా ఆరడుగుల ఏడంగుళాల ఎత్తులో, నడుముకున్న తుపాకీలో.

పాతపెట్టె:
చెస్టర్ ఆ "మిస్టర్" అనేటప్పుడు గొంతు వినండి. భయం లేదు, నమ్మకం ఉంది. మార్షల్ తప్పు చేస్తున్నాడనిపిస్తే అదే "మిస్టర్ డిలన్" ఎంత మెల్లగా అంటాడో. అది ఎదురు చెప్పడమే. ఫెస్టస్ అరిచినదానికన్నా ఎక్కువ.

కంచరగాడిద:
ఇది ముందే రాసుంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. ఒప్పుకోను, కానీ ఇది కారణం.

లాంతరు:
కాఫీపొడి గారి డాక్ గురించి ఒక ముక్క. 20 సీజన్లూ ఉన్నది జేమ్స్ ఆర్నెస్, డాక్ వేసిన మిల్బర్న్ స్టోన్ ఇద్దరే. కిట్టీ వేసిన అమాండా బ్లేక్ కూడా 19వ సీజన్‌తో ఆపేసింది. 1971లో స్టోన్‌కి గుండె ఆపరేషనైతే కొన్ని కథలకి ప్యాట్ హింగిల్ వేరే డాక్టరుగా వచ్చాడు. ఫెస్టస్ ఎవరితో తగువాడాలో తెలియక తేలిపోయాడు. అంటే ఫెస్టస్‌లో సగం డాక్‌దే. స్టోన్‌కి 1968లో ఎమ్మీ వచ్చింది కూడా.

కాఫీపొడి:
మొదట్లోనే అడిగాను కదండీ.

పాతపెట్టె:
సరే, డాక్‌ని కూడా ఓటింగులో చేరుస్తున్నా. బార్ వెనక సామ్‌ని అడక్కండి. గ్లెన్ స్ట్రేంజ్ సినిమాల్లో ఫ్రాంకెన్‌స్టైన్ భూతం వేసి వచ్చి ఇక్కడ గ్లాసులు తుడిచాడు, పాపం, ఆయనకీ ఒక పేజీ కావాలి.

వాగుదాటు:
చేర్చండి. ముందు ఎవరైనా కుడి రికాబు ఏ రంధ్రంలో ఉందో ఆపి చూసి చెప్పండి.