అప్‌డేట్: విండొలాండా చెక్క ఉత్తరాలను చూసి వచ్చాను

ఉత్తర ఇంగ్లండ్‌లోని విండొలాండా రోమన్ కోటలో 1973లో బయటపడిన పలుచని చెక్క ఉత్తరాలు ఇన్ని శతాబ్దాలు చివికిపోకుండా ఎలా నిలిచాయని కిందటి నెల అడిగాను. మీరు చెప్పినట్టే, పాత కట్టడాలను కూల్చి వాటిపై బంకమట్టి, పచ్చికగడ్డలు పరిచి మళ్లీ కట్టడం వల్ల, కింది తడి పొరలకు గాలి అందలేదని అక్కడికి వెళ్లాక అర్థమైంది.

తర్వాత బ్రిటిష్ మ్యూజియంలో, మరో కోట అధిపతి భార్య క్లాడియా సెవెరా తన పుట్టినరోజుకు విండొలాండా కోట అధిపతి భార్య సల్పిసియా లెపిడినాను పిలిచిన ఉత్తరం చూశాను. లేఖకుడి పొందికైన అక్షరాల కింద, కుడివైపున, ఆమె స్వయంగా రాసిన నాలుగు ముక్కలు కాస్త తడబడుతూ కనిపిస్తాయి. అందులోని 'సోరోర్' (లాటిన్‌లో సోదరి) అనే పిలుపు అక్కకో చెల్లెలికో తేలదు. తెలుగులో రాసి ఉంటే ఆ చిక్కే ఉండేది కాదు.

ఒక సవరణ: కిందటి నెల వీటిని హేడ్రియన్ గోడ (రోమన్లు బ్రిటన్‌లో కట్టిన సరిహద్దు గోడ) కాపలాదారుల ఉత్తరాలని పొరపాటుగా రాశాను. గోడ పని క్రీ.శ. 122లో మొదలైంది; ఈ ఆహ్వానం అంతకు సుమారు ఇరవై ఏళ్ల ముందుది.