కొత్త రకం సోలార్ వస్తోందని ఇప్పుడు ఆగాలా?

మిద్దెవాసి, అనంతపురం:
మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని అన్నీ మాట్లాడుకున్నా. కేంద్రం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ కూడా ఉంది. ఇంతలో మా బావమరిది అడ్డుపుల్ల వేశాడు. పెరోవ్‌స్కైట్ అని ఏదో వచ్చిందట, సిలికాన్ మీద దాన్ని పూతగా వేస్తే ఎండలో 34 శాతం కరెంటు అవుతుందట. "రెండేళ్లు ఆగు బావా, ఇవన్నీ పాత ఇనుము ధరకు పోతాయి" అంటాడు. ఆగాలా, వద్దా?

గాజుపలక:
ఈ సెల్స్ మీదే ల్యాబ్‌లో పని చేస్తున్నా అన్నా. 34 అబద్ధం కాదు. 2024లో చైనా కంపెనీ లాంగీ 34.6 చూపించింది. కానీ సెల్ సైజు ఎంతో అడగండి మీ బావమరిదిని. ఇలాంటి రికార్డులు ఎక్కువగా చిటికెనవేలి గోరంత ముక్కల మీద వచ్చేవే. మేం గాజు ముక్క మీద పెరోవ్‌స్కైట్ ద్రావణం (ఇంకు అంటాం) చుక్క వేసి నిమిషానికి కొన్ని వేల చుట్లు తిప్పుతాం. కొంచెం పల్చగా పరుచుకుంటుంది, మిగతాదంతా ఎగిరి గిన్నె గోడలకు కొట్టుకుంటుంది. తలుపంత గాజును అలా తిప్పలేరు కదా. ఫ్యాక్టరీలో సన్నని చీలిక గుండా ఇంకును పరుస్తూ పోవాలి. ఇంట్లో పెనం మీద దోసె ఎవరైనా పల్చగా తిప్పుతారు, అదే చెయ్యి పెళ్లి వంటల పెనం మీద పెడితే ఒకచోట మాడుతుంది, ఒకచోట పిండి ముద్దగా ఉంటుంది. ఈ పూత మందం వెంట్రుకలో సుమారు నూరో వంతే. కంటికి కనపడని రంధ్రం పడినా అక్కడ కరెంటు లీకే. 2024 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ మొట్టమొదట అమ్మిన జోడు ప్యానెళ్లు (సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ వేసినవి) 24.5 శాతం. గోరుకీ తలుపుకీ అంత తేడా.

కడపోడు:
అందరూ మొదట్లో ఇట్లే అంటారు. 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ చేసిన సిలికాన్ సెల్ 6 శాతమే. 2009లో జపాన్‌లో శాస్త్రవేత్త మియాసాకా వాళ్లు పెరోవ్‌స్కైట్ సెల్ చేసినప్పుడు 3.8. పదిహేనేళ్లలో ఎక్కడికొచ్చిందో చూడండి. పైగా వేడెక్కితే దీని దిగుబడి సిలికాన్ అంత పడిపోదు. మన సీమ ఎండకు ఇదే సరైంది.

పాణ్యం వైపు:
వేడి సంగతి నన్నడగండి. సోలార్ పార్కులో మెయింటెనెన్స్ నా పని. ఇక్కడ గని, శకునాల ఊళ్ల దగ్గర 2017 నుంచి 1000 మెగావాట్లు నడుస్తున్నాయి, నేను చూసేవన్నీ సిలికానే. ఏప్రిల్ మధ్యాహ్నం ప్యానెల్ వెనక చెయ్యి పెడితే వెంటనే తీసేస్తారు. కంపెనీ చెప్పే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఒక్కో డిగ్రీ పెరిగితే సుమారు 0.35 శాతం పోతుంది. ప్యానెల్ 65కి చేరితే 14 శాతం హుష్. ఆ మాటకొస్తే కడపోడు చెప్పింది నిజమే.

గాజుపలక:
దిగుబడి తగ్గడం వేరు, సరుకే పాడవడం వేరు కడప బ్రో. సాయంత్రం చల్లబడితే సిలికాన్ మళ్లీ మామూలు అవుతుంది. మొదట్లో వాడిన పెరోవ్‌స్కైట్ పూత అట్లా కాదు. నల్లగా నిగనిగలాడే ముక్కను సరిగ్గా సీల్ చేయకుండా వేడికీ తేమకూ వదిలితే అంచుల నుంచి పసుపు పచ్చగా అవుతుంది. అందులోని ఒక భాగం ఆవిరై పోయి లెడ్ అయొడైడ్ మిగులుతుంది. ఇప్పుడు సీజియం లాంటివి కలిపి చాలా మెరుగు చేశారు, ఒప్పుకుంటా. 85 డిగ్రీలు, 85 శాతం తేమలో వెయ్యి గంటల పరీక్ష ఉంది. వెయ్యి గంటలంటే 42 రోజులు. మనకు కావాల్సింది 25 ఏళ్లు.

శెనక్కాయ:
లెడ్ అంటే సీసమే కదా? పగిలితే వాన నీళ్లకు చేలోకి దిగదా?

గాజుపలక:
ఆ భయం ఉంది. అందుకే రెండు గాజుల మధ్య గట్టిగా మూస్తారు. దానికీ ఖర్చే.

కడపోడు:
సరే, ఇంటికి సిలికానే పెట్టుకోండి. కానీ 42 రోజుల పరీక్షకు బదులు మన ఎండలో, మన ఎర్రదుమ్ములో రెండేళ్లు పెట్టి చూడాలి కదా. ఎక్కడో చలిదేశంలో పాసైందని ఇక్కడ అమ్మితే ఎట్లా?

గాజుపలక:
ఈ ఒక్క మాటకు మీతో గొడవ లేదు. మిద్దెవాసి అన్నా, మీ ప్యానెళ్ల పక్కన ఒక అడుగు చోటు ఇస్తారా? మా శాంపిల్ ముక్కలు రెండు పెట్టుకుంటా.

మిద్దెవాసి, అనంతపురం:
సిలికాన్‌కు రేపే అడ్వాన్స్ ఇస్తున్నా. నీ ముక్కలు తెచ్చుకో నాయనా. కోతులు పీకితే మాత్రం నాకు పూచీ లేదు.