అప్‌డేట్: నల్లగొండలో రంగస్థల నటుడికి పగటి ఉద్యోగం

చెరువుగట్టు జాతర రోజుల్లో నాటకానికి సెలవు అడిగినందుకు బట్టల దుకాణంలో పని పోయిందని, రిహార్సల్స్‌కు అడ్డురాని ఉపాధి ఏదైనా ఉంటే చెప్పమని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

చివరికి ఫలించింది డీటీపీ, అంటే కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు కూర్చే పని, చూసుకోమన్న సలహా. కోర్టు దగ్గరి ఒక సెంటర్‌లో, నెల జీతానికి కాకుండా పేజీకి ఇంత అన్న లెక్కన, వకీళ్ల పిటిషన్లు, దస్తావేజులు తెలుగులో టైపు చేస్తున్నాను. సాయంత్రం ఐదు తర్వాత నా సమయం నాది. హైదరాబాదులో రవీంద్రభారతి ప్రదర్శన ఉన్న రోజున, రానుపోను రెండు వందల కిలోమీటర్ల ప్రయాణం కాబట్టి, ముందురోజే పని ముగించి వెళుతున్నాను. పాత్ర సంభాషణలు చదివి చదివి అలవాటైన కళ్లకు అచ్చుతప్పులు త్వరగా కనబడతాయని యజమాని అనడం నాకే వింతగా తోచింది.

పెళ్లి పత్రికల పని మాత్రం వదులుకున్నాను. మాఘమాసంలోనే పెళ్లి ముహూర్తాలూ, నేను నాటకాలాడే జాతరలూ కలిసివస్తాయన్న సంగతి మనలో ఎవరికీ తట్టలేదు!

మీరు సూచించిన ఎల్ఐసీ ఏజెన్సీకి పదో తరగతి చదువు, శిక్షణ, పరీక్ష ఉంటే చాలు గానీ, కమీషన్ స్థిరపడేదాకా ఇల్లు గడవదు కనుక దాన్ని రెండో ఆదాయంగానే ఉంచుకుంటున్నాను. పని దొరకడానికి కళాకారుల గుర్తింపు కార్డు ఉపయోగపడుతుందా అని మనం చేసిన సుదీర్ఘ చర్చ అవసరపడలేదు. డీటీపీ సెంటర్‌లో ఎవరూ ఆ కార్డు అడగలేదు, టైపింగ్ వేగం మాత్రమే చూశారు.