ఎనిమిదేళ్లలోపు పిల్లల హాకీ: అడ్డం ఐసు చాలా, పూర్తి రింకు కావాలా?

తెల్లవారుజాము_నాన్న
అమెరికాలో పిల్లలను ఐస్ హాకీలో చేర్చిన తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారని తెలిసి రాస్తున్నాను. మా అమ్మాయికి ఎనిమిదో ఏడు. సెప్టెంబరులో సీజన్ మొదలైంది. పది వారాలుగా నిద్ర మానుకుని రింకుకు, అంటే ఐసు మైదానానికి, తీసుకువెళ్తున్నాను. ఇంతవరకు ఒక్క అసలైన మ్యాచ్ చూడలేదు. 200 అడుగుల రింకును అడ్డంగా ముక్కలు చేసి, మధ్యలో మెత్తని దిమ్మలు పేర్చి, ఒక్కో ముక్కలో ఒక్కో ఆట పెడతారు. దీన్నే అడ్డం ఐసు అంటారు. స్కోరు వేయరు, ఆఫ్‌సైడ్ ఉండదు, అంటే పక్ (ఆడే రబ్బరు బిళ్ల) కంటే ముందే అవతలి జట్టు వైపు గీత దాటినా తప్పు లేదు. నిమిషానికో నిమిషంన్నరకో బజర్ మోగితే పక్‌ను ఉన్నచోటే వదిలి బయటికి రావాలి. దీన్ని హాకీ అంటారా? పదేళ్ల విభాగానికి వెళ్లగానే పూర్తి రింకు, ఆఫ్‌సైడ్ అన్నీ ఒక్కసారిగా మీద పడవా?

విజిల్
నేను ఈ వయసు పిల్లలకు స్వచ్ఛందంగా కోచ్‌గా ఉన్నాను, ఇది నాలుగో సీజన్. ఇది క్లబ్బులు కనిపెట్టిన పద్ధతి కాదండి. ఇక్కడి హాకీని నడిపే జాతీయ సంస్థ యూఎస్ఏ హాకీ 2009లో కొత్త శిక్షణ విధానం తెచ్చింది, దాని వెంటే ఎనిమిదేళ్లలోపు వాళ్లకు అడ్డం ఐసు ఆట వచ్చింది. కారణం చాలా మామూలుది. 200 అడుగుల పొడవున ఏడేళ్ల పిల్లలను వదిలితే ఇద్దరు ఆడతారు, ఎనిమిది మంది వాళ్ల వెనక పరుగెత్తుతారు. అడ్డంగా ఆడితే పొడవు 85 అడుగులే, పక్ ప్రతివాడి దగ్గరికీ వస్తుంది. ఇక మ్యాచ్‌ల సంగతి: ఒక ఆటకు మూడు ప్రాక్టీసులు ఉండాలన్నదే ఆ విధానంలోని లెక్క. ఆఫ్‌సైడ్ నేర్పడానికి రెండు ప్రాక్టీసులు చాలు. మలుపు తిరగడం నేర్పడానికి రెండేళ్లు పడుతుంది.

నీలిపక్
అసలు విషయం ఇద్దరూ వదిలేశారు. మీ దగ్గర ఏ పక్ వాడుతున్నారు? ఈ వయసుకు నీలిరంగుది, 4 ఔన్సులది ఉండాలి. నల్లది 6 ఔన్సులు. మా వాడికి నల్లది ఇచ్చినన్నాళ్లూ అది గాలిలోకి లేవనే లేదు.

తెల్లవారుజాము_నాన్న
పక్ రంగుతో నాకు పని లేదండి. విజిల్ గారూ, మా అమ్మాయి ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా వెళ్లగలదు. నేనే సమయం చూసి లెక్కపెట్టాను.

విజిల్
వెళ్లగలదు, సంతోషం. పక్‌తో వెళ్లగలదా? ఎదురుగా మనిషి ఉంటే?

ఇద్దరు_పిల్లల_అమ్మ
మా చిన్నవాడు బజర్ మోగితే ఏడుస్తాడు. అంతకు మించి నాకు అభిప్రాయం లేదు.

తెల్లవారుజాము_నాన్న
కోచ్‌లందరికీ ఈ వెటకారం ఎక్కడిదో! మా క్లబ్బులో జనవరి నుంచి, బాగా ఆడతారని ఏరిన మొదటి గ్రూపుకు మాత్రం పూర్తి రింకు మీద ప్రాక్టీసు పెడుతున్నారు. అడ్డం ఐసు అంత గొప్పదైతే వాళ్లకెందుకు వద్దు? ఒక్క ప్రశ్న: మీ అబ్బాయి ఏ గ్రూపులో ఉన్నాడు?

విజిల్
అది ఇక్కడ అనవసరం.

తెల్లవారుజాము_నాన్న
అంటే మొదటి గ్రూపే.

విజిల్
అవును, మొదటి గ్రూపే. మార్కులు వేసింది నేను కాదు. వారానికి మూడు రోజులు జీతం లేకుండా నలభై జతల లేసులు బిగిస్తున్న మనిషిని ఇలా అడగడానికి మీకు నోరెలా వచ్చింది?

ఇద్దరు_పిల్లల_అమ్మ
తెల్లవారుజాము గారూ, మీ అమ్మాయిని ఏ గ్రూపులో వేశారు? ఏ నెలలో పుట్టింది?

తెల్లవారుజాము_నాన్న
మూడో గ్రూపు. డిసెంబరు 19.

ఇద్దరు_పిల్లల_అమ్మ
అయితే మీ బాధ రింకు పొడవు గురించి కాదు. ఇక్కడ వయసుకు హద్దు జనవరి 1. ఆ ఏడాది జనవరిలో పుట్టిన పిల్ల మీ అమ్మాయి కంటే దాదాపు ఏడాది పెద్దది. ఎనిమిదేళ్లకు ఏడాది అంటే మాటలా? పొడవు, బలం, మాట వినే ఓపిక అన్నీ వేరు. కెనడాలో రోజర్ బార్న్స్‌లీ వాళ్లు 1985లోనే ఇది చూపించారు, పైస్థాయి హాకీలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఉన్నారని. గ్రూపులు ఏరే సెప్టెంబరు ట్రైఅవుట్లలో కొలిచింది ఆటను కాదు, పుట్టిన నెలను. మా పెద్దవాడు నవంబరు. రెండేళ్లు మూడో గ్రూపులో ఉండి మానేశాడు. ఇప్పుడు రింకు వైపు కూడా రాడు.

తెల్లవారుజాము_నాన్న
నిజమే. పూర్తి రింకు ఇస్తే మా అమ్మాయికి పక్ అందదని నాకూ తెలుసు. ఆ మొదటి గ్రూపు పిల్లలతో ఒక్క గంటైనా ఆడనిస్తే చాలు. మొదట్లోనే ఇది రాయాల్సింది, కోపంలో రింకును పట్టుకున్నాను. విజిల్ గారూ, లేసుల మాట విన్నాక నాకూ సిగ్గేసింది. కానీ ప్రశ్న మిగిలే ఉంది. ఎనిమిదేళ్లకు పిల్లలను మూడు గంపల్లో ఏరడం ఎందుకు?

విజిల్
శిక్షణ కోసమని చెప్పవచ్చు, సగం నిజం. మిగతా సగం చెబుతాను. అందరినీ కలిపితే ముందున్న ఆరేడుగురి తల్లిదండ్రులు పక్క క్లబ్బుకు వెళ్లిపోతారు. రింకు అద్దె గంటకు ఇంత అని కడతాం, పిల్లలు తగ్గినా అద్దె తగ్గదు. మిగిలినవాళ్ల ఫీజు పెరుగుతుంది, మీలాంటివాళ్లే మళ్లీ అడుగుతారు. మా క్లబ్బులో ఒక ఏడాది కలిపి చూశాం. ఆ ఏడాది రెండు జట్లు తగ్గాయి.

ఇద్దరు_పిల్లల_అమ్మ
అంటే వెళ్లిపోతామని బెదిరించేవాళ్ల పిల్లల కోసం సీజన్ వేస్తున్నారు. నోరెత్తకుండా మానేసేవాళ్లు లెక్కలోకి రారు.

విజిల్
కమిటీలో తొమ్మిది మందిమి. నాది ఒక్క ఓటు.

నీలిపక్
పక్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

తెల్లవారుజాము_నాన్న
ఆ ఒక్క ఓటు ఎటు వేశారు?