క్యూఎమూలోని విండోస్‌కి డిజిటల్ సంతకం టోకెన్ కనిపించడం లేదు, సాయం చేయండి

అందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. ఒక మిర్చి ఎగుమతి కంపెనీ జీఎస్టీ రిటర్న్ నేనే వేస్తాను. వాళ్ల డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌ని విండోస్‌లో వాడటమే అలవాటు, నా సిస్టమేమో ఉబుంటు (లినక్స్). అందుకే ఉబుంటు లోపలే మరో కంప్యూటర్‌ని నడిపించే క్యూఎమూ అనే సాఫ్ట్‌వేర్‌లో విండోస్ 10 పెట్టుకున్నాను.

టోకెన్‌ని ఆ విండోస్‌కి అందించడానికి మొదట క్యూఎమూకి హోస్ట్‌బస్, హోస్ట్‌అడ్రస్ నంబర్లు (టోకెన్ ఏ యూఎస్‌బీ స్థానంలో ఉందో చెప్పేవి) ఇచ్చాను. టోకెన్ తీసి మళ్లీ గుచ్చగానే అడ్రస్ మారిపోయింది! దాంతో వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీకి (టోకెన్ తయారీ కంపెనీ, మోడల్ గుర్తింపు నంబర్లు) మారాను. పర్మిషన్ ఎర్రర్ వస్తే యూడెవ్ రూల్ (ఆ డివైస్‌ని ఎవరు వాడొచ్చో ఉబుంటుకి చెప్పేది) రాశాను, అది పోయింది. ఇప్పుడు డివైస్ బిజీ అంటోంది. ఉబుంటులో స్మార్ట్‌కార్డులు, ఇలాంటి టోకెన్లు చూసుకునే పీసీఎస్‌సీడీ సర్వీసు టోకెన్‌ని పట్టుకుని వదలడం లేదని నా అనుమానం. ఆ సర్వీసు ఒక్కటి ఆపితే చాలా, దాని సాకెట్ (అవసరం పడగానే సర్వీసుని మళ్లీ లేపేది) కూడా ఆపాలా?

20వ తేదీలోపు 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్న్) వేయాలి, టెన్షన్‌గా ఉంది. క్యూఎమూని సుడోతో (అడ్మిన్ అధికారాలతో) నడపమని మాత్రం చెప్పకండి, ఆఫీసు సిస్టమ్‌లో అది నాకిష్టం లేదు.