రిటైర్మెంట్ కమ్యూనిటీలో ఉండటమంటే లోకం నుంచి పారిపోవడమేనా?

తెనాలి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మావారు పోయాక తెనాలి ఇల్లు అద్దెకిచ్చి, హైదరాబాదు పక్కన శంకర్‌పల్లి వైపు ఒక రిటైర్మెంట్ కమ్యూనిటీలో సింగిల్ బెడ్‌రూమ్ లీజుకు తీసుకున్నాను. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి మెల్‌బోర్న్‌లో. ఇద్దరూ రమ్మన్నారు. నా పొద్దు నా చేతిలో ఉండే చోటు కావాలనిపించి ఇటు వచ్చాను.

సంక్రాంతి వెళ్ళాక మా తమ్ముడు చూడ్డానికి వచ్చాడు. పొలం, అప్పు, కోడలి పురుడు, గట్టు తగాదా, అన్నీ నెత్తిన ఉన్న మనిషి. లాను, లైబ్రరీ, డైనింగ్ హాలు తిరిగి చూసి, "అంతా బాగుందే అక్కా. కానీ ఇది బతుకు కాదు. పసిపిల్ల ఏడుపు లేదు, గుమ్మంలో అప్పులవాడు లేడు, పక్కింటితో గొడవ లేదు. లోకంతో పడలేక వచ్చి దాక్కున్నట్టుంది" అన్నాడు. వాడు దెప్పడానికి అనే రకం కాదు. అందుకే ఆ మాట నన్ను వదలడం లేదు.

నన్నడిగితే, ఇక్కడ దాక్కోవడానికి చోటెక్కడుంది? తెనాలిలో మా వీధిలో చావంటే ఎప్పుడో ఒకటి. ఇక్కడ పోర్టికోలో ఫ్రీజర్ బాక్సు పెడితే, పిల్లలు ఫ్లైటు దిగి వచ్చేదాకా దాని పక్కనుంచే టిఫిన్‌కి వెళ్ళాలి. నోటీసు బోర్డు మీద పోయినవారి ఫోటో, దాని కిందే ఆ రోజు మెనూ. మా పక్క ఫ్లాటులో ఒక పెద్దాయన, ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేశారు. ఆయన భార్యకు మతిమరుపు జబ్బు. సాయంత్రమయ్యేసరికి ఆయన్నే చూసి "మీరెవరండీ? మావారు ఇంకా రాలేదు" అంటుంది. ఆయన విసుక్కోరు. "ఆయన స్నేహితుణ్ణమ్మా, వచ్చేదాకా కూర్చుంటాను" అని వరండాలో కూర్చుంటారు. ఆవిడ లోపలికెళ్ళి మంచినీళ్ళు తెస్తుంది, వచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు గ్లాసు కింద పళ్ళెం పెట్టి మరీ. ఇది నిజం కాకపోతే ఇంకేది నిజం?

అయినా వాడి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. కరెంటు పోయిన సంగతే తెలియదు, జనరేటరు వేసేస్తారు. కిలో వంకాయలు ఎంతో తెలియదు. తెనాలిలో సాయంత్రం పిల్లలు పద్యాలు చెప్పించుకోవడానికి వచ్చేవాళ్ళు, టెన్త్ ఫలితాలొస్తే స్వీట్లు పట్టుకొచ్చేవాళ్ళు. ఇక్కడ పండగలకి మనవలొస్తే తప్ప చిన్న గొంతు వినపడదు. ఆ లోటు నన్ను తినేస్తోంది. ఇలాంటి చోట ఉన్నవాళ్ళు, అమ్మానాన్నల్ని ఉంచినవాళ్ళు మొహమాటం లేకుండా మీకు తోచింది చెప్పండి.

కోయంబత్తూరు బ్యాంకాయన:

టీచర్ గారూ, మేమిద్దరం కోయంబత్తూరులో ఇలాంటి చోటే ఉంటున్నాం. ఈ ఊళ్ళో రిటైర్మెంట్ కమ్యూనిటీలు చాలా ఉన్నాయి. పాలక్కాడ్ కనుమ నుంచి వచ్చే గాలి, మంచి ఆస్పత్రులు, విమానాశ్రయం, అందుకే పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడికి చేరతారు. తెలుగు మాట్లాడే కుటుంబాలకూ కొదవ లేదు.

పారిపోవడం అంటున్నారు మీ తమ్ముడు గారు. మన పెద్దలు ఒంటి మీద ముడతలు, నెరిసిన జుట్టు, మనవడి ముఖం చూశాక ఇల్లు వదిలి వనానికి వెళ్ళమనలేదా? కాశీకి వెళ్ళి అక్కడే ఉండిపోయినవాళ్ళు మన ఇళ్ళల్లో లేరా? తాళంచెవులు కోడలికిచ్చి పక్కకు తప్పుకోవడం మనకు కొత్త కాదు. చెన్నైలో అపార్టుమెంటులో ఉన్నప్పుడు ప్లంబర్ కోసం, పనమ్మాయి కోసం, లిఫ్టు కోసం ఎదురుచూడటంతోనే నా రోజు అయిపోయేది. అది లోకంలో ఉండటమూ, ఇది దాక్కోవడమూ ఎలా అవుతాయి?

పాలకొల్లు రైతు:

మీ తమ్ముడు గారి మాటే రైటండి. మా అమ్మ ఎనభై దాటింది. అరుగు మీద కూర్చుంటే వీధిలో ఎవరికి సంబంధం కుదరాలన్నా, ఎవరికి అప్పు పుట్టాలన్నా ఆవిడ నోటి మాట కావాలి. మోకాళ్ళు పనిచేయవు, చూపు సరిగ్గా ఆనదు, కానీ ఆవిడతో జనానికి పనుంది. మీ చోట మీకు అన్నీ చేసిపెడతారు. మీతో ఎవరికి పనుందండీ?

ఫ్రిస్కో నుంచి ఒక కూతురు:

పాలకొల్లు బాబాయి గారూ, ఆ అరుగు మాకు లేదు కదండీ, ఏం చెయ్యమంటారు?

మాది టెక్సస్. నాన్న పోయాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. పిల్లలు స్కూలుకి, మేమిద్దరం ఆఫీసుకి. అమ్మకు డ్రైవింగ్ రాదు. బస్సు లేదు. వేసవిలో పగలు బయట అడుగు పెట్టలేం. గ్యారేజీ తలుపు తెరుచుకునే చప్పుడు కోసం సోఫాలో కూర్చునేది. పిల్లలు వచ్చి "హాయ్ అమ్మమ్మా" అని మేడెక్కేసేవారు. ఇంట్లో పసివాళ్ళున్నారు, కుటుంబం ఉంది, బయటినుంచి చూస్తే అన్నీ ఉన్నాయి. ఒకరోజు, "మాట్లాడకపోతే నోరు పాచిపోతుందే" అంది. చివరికి తానే హైదరాబాదు వెళ్ళిపోతానని ఒక సీనియర్ హోమ్‌లో చేరింది. ఇప్పుడు నేను ఫోన్ చేస్తే, "భజన టైమైంది, రేపు చెయ్యి" అని పెట్టేస్తుంది. ఆ మాట వింటే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

అయితే ఇక్కడి పద్ధతి చూశాక మీ తమ్ముడు గారి భయం కూడా అర్థమవుతుంది. ఆరిజోనాలో సన్ సిటీ అని 1960 జనవరి 1న తెరిచారు. గోల్ఫు, ఈతకొలను, క్లబ్బులు, ఊరంతా పెద్దవాళ్ళే. 1995 నాటి చట్టం ప్రకారం, కనీసం నూటికి 80 ఇళ్ళలో 55 ఏళ్ళు నిండినవాళ్ళు ఒక్కరైనా ఉండి, ఊరి నిబంధనలు కూడా అలాగే ఉంటే, పిల్లలున్న కుటుంబాలను రానివ్వకపోయినా తప్పు కాదు. మనవడు వచ్చి ఇన్ని రోజులే ఉండాలని లెక్క పెట్టే చోట్లున్నాయి. అలా గోడ కట్టుకోవడం మాత్రం నాకు నచ్చదు. మన దగ్గర అంతదాకా రాకూడదని కోరుకుంటాను.

నైట్ డ్యూటీ సిస్టర్:

అమ్మా, నాది వికారాబాద్ దిక్కు. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివి ఇట్లాంటి దాంట్లనే రాత్రి డ్యూటీ చేస్తున్న. మా వైపు మాట కూడా వినుండ్రి.

మీరు లోకం లోపలికి రాదంటున్నరు. వస్తదమ్మా, ఎనక గేటు నుంచి వస్తది. పొద్దున ఆరింటికి బస్సు దిగి బ్యాగులు చెక్ చేయించుకొని వచ్చేటోళ్ళం మేమే. వంటామె, ఊడ్చేటామె, గార్డెన్ తాత, డ్రైవర్. మా అత్తమ్మకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను. గది కిరాయి పక్కకు పెట్టుండ్రి, మీ దగ్గర తిండికి, మెయింటెనెన్స్‌కు కట్టే పైసలు ఆమె ఏడాదంతా కూడబెట్టినా ఒక్క నెలకు సాలవు. ఇది మిమ్మల్ని అనడానికి చెప్తలేను. అప్పులు, పురుళ్ళు, కరెంటు బిల్లులు, అన్నీ మా దగ్గర ఉన్నయి. మీరు అడిగితే చెప్తం, అడగకపోతే గ్లోవ్స్ ఏసుకొని బీపీ చూసి పోతం.

రాత్రి రెండింటికి బాత్‌రూమ్ కాడి ఎమర్జెన్సీ తాడు గుంజుతరు. ఉరుకుతం. పడిపోయిండ్రేమో, గుండె నొప్పేమో అని. పోయి చూస్తే ఏముండది. బీపీ మంచిగనే ఉంటది. "కొంచెం సేపు కూసో బిడ్డా" అంటరు. రిజిస్టర్ల "నో కంప్లైంట్" అని రాస్త. ఏం కంప్లైంట్ లేదని ఎట్ల రాయాలె? రాయడానికి ఆ కాలమ్ ల వేరే మాట లేదు. అందుకే కూసుంట, పక్క బ్లాక్ నుంచి ఇంకో బెల్ వచ్చేదాకా.

పాలకొల్లు అన్నా, మీతోని ఎవరికి పని అన్నవు. నాతోటి ఏఎన్ఎం నర్సు పిల్లకు ఒక రిటైర్డ్ సార్ రోజు అర్ధగంట ఇంగ్లీష్ చెప్తడు. పిల్ల ఇంగ్లీష్ పరీక్షకు తయారైతున్నది. సార్‌కు ఆ అర్ధగంట కోసమే పొద్దు గూకుతది. టీచరమ్మా, మా వంటామె బిడ్డ తొమ్మిదో తరగతి. తెలుగు పద్యం కంఠతా రాదు, మార్కులు పోతున్నయి. పనోళ్ళ క్వార్టర్లు మీ కాంపౌండ్ గోడకు ఆనుకొనే ఉంటయి కదా. ఒకసారి మీ దగ్గర కూడా అడిగి చూడుండ్రి.

వకీలు:

ఫ్యామిలీ, ప్రాపర్టీ కేసులు చూస్తుంటాను. నేనైతే ప్రశ్నను ఇంకో వైపు నుంచి అడుగుతాను. మంచాన పడిన రోజున మీ కమ్యూనిటీ మిమ్మల్ని ఉంచుకుంటుందా?

చాలాచోట్ల ఒప్పందం "ఇండిపెండెంట్ లివింగ్"కి, అంటే తమ పనులు తామే చేసుకోగలిగినవాళ్ళకి మాత్రమే. లేవలేని స్థితి వస్తే, మతిమరుపు ముదిరితే ఖాళీ చేయమనే హక్కు మేనేజ్‌మెంట్‌కి రాసి ఉంటుంది. బ్రోషర్‌లో అది కనిపించదు. కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్‌లకు మోడల్ గైడ్‌లైన్స్ ఇచ్చింది. ర్యాంపులు, జారని టైల్సు, గదుల్లో ఎమర్జెన్సీ బెల్లు, బిల్డరు, సర్వీసు సంస్థ, కొనేవాళ్ళు ముగ్గురూ కలిసి చేసుకునే ఒప్పందం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అయితే అవి సలహాలే, అమలు చేయాల్సింది రాష్ట్రాలు.

ఇంకో మాట. తెనాలి ఇల్లు పిల్లల పేర గిఫ్ట్ రాసే ఆలోచన ఉంటే, "నన్ను చూసుకోవాలి" అనే షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఆ షరతు ఉంటేనే బలంగా పనిచేస్తుంది.

తెనాలి టీచరమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. బ్యాంకు గారూ, వనానికి వెళ్ళినవాళ్ళు ఉన్న సుఖం వదులుకుని వెళ్ళారు. మనం సుఖం కోసం వచ్చాం. రెండూ ఒకటి కావు, ఆ పేరు మనం పెట్టుకోకూడదని నా అభిప్రాయం. ఫ్రిస్కో అమ్మాయీ, మీ అమ్మగారి మాట నాకు బాగా అర్థమైంది.

సిస్టర్, నీ పోస్టు చదివి వంటామెను అడిగాను. ఆమెకు ఇద్దరు పిల్లలు, పైగా సెక్యూరిటీ అతని కొడుకు. కామన్ హాల్లో పాఠం చెబుతానంటే "రెసిడెంట్లు అభ్యంతరం చెబుతారు" అన్నారు మేనేజరు. ఫ్రిస్కో అమ్మాయి అన్న గోడ ఏదో అప్పుడు కనిపించింది నాకు. సరే, నా వరండాలోనే మొదలుపెట్టాను. భాస్కర శతకం నుంచి.

వకీలు గారూ, ఒప్పందం తీసి చూశాను. "ఇరవై నాలుగు గంటల సహాయం అవసరమైన పక్షంలో ముప్పై రోజుల నోటీసుతో" అని ఉంది. పక్క ఫ్లాటు పెద్దాయన భార్య సంగతి ఆఫీసులో ఎందుకు చెప్పడం లేదో ఇప్పుడు తెలిసింది. క్లినిక్‌కి కూడా తీసుకెళ్ళడం లేదాయన. ఆ పంక్తి భయంతో మందులు లేకుండా గడుపుతున్నారు. ఇది మార్పించడానికి మాకు దారి ఉందా? నేను లీజుదారుని, ఆయన ఓనరు.

వకీలు:

ఉంది. ఆయన ఓనరు కావడం మేలు, ఆయన్ని ముందు పెట్టండి. ఓనర్ల అసోసియేషన్ మీటింగులో రాతపూర్వకంగా పెట్టి, మినిట్స్‌లో ఎక్కించండి. ఆ పంక్తిని తీసేయమనకుండా, "సొంత ఖర్చుతో అటెండెంటును పెట్టుకుంటే వర్తించదు" అని చేర్చమనండి. చాలామంది ఒప్పుకునేది అక్కడే. ఒప్పుకోకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయపు ఒప్పందాల మీద ఫిర్యాదుకు వీలుంది. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందం రద్దు చేసుకునే షరతు కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఆ ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. ఈలోగా ఆవిడకు వైద్యం ఆపొద్దని చెప్పండి. బయట న్యూరాలజిస్టు దగ్గర చూపించుకుంటే, ఆ రిపోర్టు ఆఫీసుకు ఇవ్వాలని మీ ఒప్పందంలో ఉందో లేదో చూసి రాయండి.