అప్‌డేట్: ఎర్ర ముద్ర ఉన్న 1000 మార్కుల నోటు

బెర్లిన్ ఆదివారం సంతలో కొన్న 1000 మార్కుల (మార్కు అంటే జర్మనీ పాత డబ్బు) నోటు మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఏదో అచ్చు ఉందని, ఎవరైనా పాడుచేశారా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. నోటు అసలుదే, ఆ ముద్ర కూడా అసలుదే.

అక్కడున్న మాట 'ఐనె మిలియార్డె మార్క్', అంటే వంద కోట్ల మార్కులు! నోటు మీది తేదీ 1922 డిసెంబరు 15. జర్మనీలో ధరలు విపరీతంగా పెరిగిపోయి, 1923 సెప్టెంబరు వచ్చేసరికి వెయ్యికి విలువే లేకపోయింది. కొత్త నోటు గీసే తీరిక లేక, ఉన్నదాని మీదే వంద కోట్లని కొట్టేశారు. నవంబరులో డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. ఆ నెలలోనే కొత్త డబ్బు రెంటెన్‌మార్క్ వచ్చింది. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక్క రెంటెన్‌మార్క్. ఆ లెక్కన నా వంద కోట్లు ఒక పైసాలో, అదే ఫెన్నిగ్‌లో, పదో వంతు. ఈ లెక్క వేసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. జీవితమంతా కూడబెట్టుకున్నవాళ్ల గతేమిటి?

ధర పెద్దగా పలకదట, చాలా దొరుకుతాయి. పర్వాలేదు, నేను అమ్మను.

లామినేషన్ వద్దని ఆపినవాళ్లకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. పీవీసీ లేని కవరులో పెట్టాను. ఇప్పుడు ఆ రోజుల్లో జర్మనీలోని బీలెఫెల్డ్ ఊరు పట్టుగుడ్డ మీద అచ్చేసిన నోట్ల కోసం వెతుకుతున్నా.